ఇరవై రోజుల రుజువు

2025 జనవరి 26న నారాయణపేట జిల్లా కోస్గి మండలం చంద్రవంచ గ్రామంలో రాష్ట్ర ముఖ్యమంత్రి ఒకే వేదిక మీద నాలుగు పథకాలు ప్రారంభించారు. రైతు భరోసా, ఇందిరమ్మ ఆత్మీయ భరోసా, ఇందిరమ్మ ఇళ్లు, కొత్త రేషన్ కార్డులు. వీటిలో రెండోదాని గురించి మన పత్రికలో వివరంగా మాట్లాడుకోవలసిన అవసరం ఉంది. భూమిలేని వ్యవసాయ కూలీ కుటుంబానికి ఏడాదికి 12,000 రూపాయలు, రెండు విడతలుగా ఇస్తామన్నది ఆ పథకం. ఎకరాల లెక్కన రైతుకు నగదు ఇవ్వడం 2018లోనే మొదలైంది. ఎకరం కూడా లేనివాళ్ల సంగతేమిటని అప్పటినుంచీ వ్యవసాయ కూలీ సంఘాలు, మహిళా సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. ఏడేళ్ల తరువాత ఒక ప్రభుత్వం ఆ ప్రశ్నను ప్రశ్నగా ఒప్పుకుంది. అంతమేరకు దీన్ని స్వాగతించాలి.

కానీ ఒక షరతు పెట్టారు. 2023-24 ఆర్థిక సంవత్సరంలో ఆ కుటుంబం ఉపాధి హామీ పనిలో కనీసం 20 రోజులు పనిచేసి ఉండాలి. పథకం రాయడానికి కూర్చున్న అధికారికి ఇది సబబుగానే తోచి ఉంటుంది. కూలీ ఎవరో, కూలీ కానిది ఎవరో తేల్చుకోవడానికి ఏదో ఒక కాగితం కావాలి. కూలీల పేర్లున్న కాగితం ప్రభుత్వం దగ్గర ఉపాధి హామీ మస్టరు ఒక్కటే. అయితే ఈ షరతును ఎక్కడ నిలబడి ప్రకటించారో గుర్తు చేసుకోండి. కోస్గి, మద్దూరు, కొడంగల్, మక్తల్, నారాయణపేట. దసరా దాటగానే ఊళ్లకు ఊళ్లు తాళాలు వేసి బొంబాయికో, పుణేకో, హైదరాబాదుకో వెళ్లే ప్రాంతం ఇది. ఇక్కడ అందరికంటే పేదవాళ్లే ఊళ్లో ఉండరు. ఉపాధి పని జరిగే ఎండాకాలంలో వాళ్లు వేరే నగరంలో స్లాబుకు కంకర మోస్తుంటారు. వాళ్లు పనిచేయలేదని కాదు. ఏడాది పొడుగునా పనిచేశారు. కానీ 20 రోజుల రుజువు లేదు.

మరో రెండు వర్గాలు కూడా ఈ గీతకు అవతలే ఉండిపోయాయి. మునిసిపాలిటీల్లో ఉపాధి హామీ లేదు. చుట్టుపక్కల పల్లెల్ని పట్టణంలో కలిపేసిన చోట నాట్లకూ కలుపుకూ పోయే స్త్రీలు రాత్రికి రాత్రి ‘పట్టణవాసులు’ అయ్యారు. చేసే పని మారలేదు, కూలి మారలేదు, మస్టరు మాత్రం పోయింది. ఇక రెండోవాళ్లు అయిదు గుంటల చెలక ఉన్నవాళ్లు. పేరున అయిదు గుంటలుంటే ఆ కుటుంబం భూమిలేని కుటుంబం కాదు. ఎకరాకు పంటకు 6,000 చొప్పున వాళ్లకు రైతు భరోసా కింద వచ్చేది 750 రూపాయలు. ఆ చెలక అసలు లేకపోయి ఉంటే 6,000 వచ్చేది.

ఈ లెక్కలన్నీ ఒక పెద్ద ప్రశ్నలోకి దారితీస్తాయి. పనిచేసేవాళ్లు ఎందుకు పేదలుగా ఉంటున్నారు? ప్రభుత్వం ఇచ్చే బియ్యం, పింఛను, నగదు ఆ పేదరికాన్ని తగ్గిస్తున్నాయా, లేక తక్కువ కూలి ఇచ్చే యజమానికి సాయపడుతున్నాయా? రెండు వాదనలూ మన చుట్టూ వినబడుతూనే ఉన్నాయి. ఒకటి కుడివైపు నుంచి: ఉచితాలతో కూలీలు సోమరులవుతున్నారు. మరొకటి ఎడమవైపు నుంచి: ఈ పథకాలన్నీ భూమి, కూలి ప్రశ్నల్ని పక్కదారి పట్టించే చిల్లర. రెంటిలోనూ ఒక పోలిక ఉంది. బియ్యం ఇంటికి చేరిన తరువాత ఇంట్లో, పొలంలో, మేస్త్రి ముందు ఏం జరుగుతుందో రెండూ చూడవు.

రెండు రూపాయల బియ్యం దగ్గర మొదలుపెడదాం. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కుటుంబానికి 25 కిలోల దాకా కిలో రెండు రూపాయలకు ఇవ్వడం ప్రారంభించినప్పుడు నల్లగొండ, పాలమూరు మెట్ట ప్రాంతాల్లో పేదల ఇంటి తిండి జొన్న గటక, సజ్జ, తైదలు. వరి అన్నం పండుగకో, చుట్టం వచ్చిననాడో. కూలి చాలాచోట్ల గింజల్లోనే ముట్టేది. ఆ గింజలు ఆసామి ఇంటినుంచి రావాలి. పని లేని నెలల్లో అప్పు కూడా గింజల రూపంలో ఆ ఇంటినుంచే రావాలి. అప్పు తీసుకున్నామె నాట్ల రోజున ఎవరి మడిలోకి దిగాలో, ఎంత కూలికి దిగాలో ముందే నిర్ణయమైపోయి ఉండేది. కంట్రోలు బియ్యం ఈ బంధాన్ని తెంచలేదు కానీ వదులు చేసింది. పది రోజుల గింజలు ఇంట్లో ఉంటే పదకొండో రోజు గురించి బేరమాడవచ్చు. ‘రెండు రూపాయల బియ్యం వచ్చి కూలోళ్లు మాట వింటలేరు’ అని ఆసాములు వాపోవడం మొదలైంది అప్పుడే. ఆ ఫిర్యాదును సోమరితనానికి సాక్ష్యంగా చాలామంది చదివారు. నాకు అది బియ్యం పనిచేస్తోందనడానికి సాక్ష్యంగా కనిపిస్తుంది.

(జొన్న చేలు, తైద చేలు ఎత్తిపోవడంలో ఈ బియ్యం పాత్ర ఎంత అన్నది వేరే చర్చ. విత్తనం దాచే పని స్త్రీల చేతుల్లోంచి జారిపోయిన కథ అది. ఇంకోసారి రాయాలి.)

అదే ప్రభుత్వం ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో తీసుకున్న సంగతి మనకంటే బాగా ఎవరికి తెలుసు? బియ్యం మీద మిగిలిన రూపాయలు సారా దుకాణానికి చేరాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన స్త్రీలు అడిగింది ఇదే. ఇంటికి ఏమిచ్చారన్నది ఒక్కటే కాదు, ఇంట్లో ఎవరి చేతికిచ్చారు, ఎవరి చేతిలోంచి లాక్కున్నారు అని. 1993లో సారా, 1995లో మొత్తం మద్యం నిషేధించారు. 1997లో నిషేధం ఎత్తేశారు. ఆ మధ్యలోనే కిలో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. సంస్కరణల కాలంలో ఖజానా మిగులు చూసుకోవడానికి ముందుగా తగ్గించినది పళ్లెంలో అన్నమే. మళ్లీ 2008లో రెండు రూపాయలకు, 2011లో ఒక రూపాయికి దిగింది. తెలంగాణ వచ్చాక 2015 జనవరి నుంచి మనిషికి ఆరు కిలోలు, కుటుంబానికి పరిమితి లేకుండా ఇస్తున్నారు. 2025 ఉగాదినాడు పాత నల్లగొండ జిల్లాలోని హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పంపిణీ మొదలైంది. దొడ్డు బియ్యాన్ని దళారికి అమ్ముకుని సన్నబియ్యం కొనుక్కునే ఇళ్లలో ఇది నిజమైన మార్పు. అయినా లెక్క లెక్కే. రోజంతా మట్టి మోసే మనిషి అరకిలో బియ్యం తింటే ఆరు కిలోలు పన్నెండు రోజులకు వస్తాయి. తక్కిన పద్దెనిమిది రోజులు, పప్పు, నూనె, కూర, మందులు, బడి ఖర్చు కూలిలోంచే రావాలి.

ఆ కూలి విషయానికే వద్దాం. పాలమూరు కూలీ గురించి తెలుగులో చాలా రాశారు. నాగార్జునసాగర్ మొదలుకుని దేశంలోని ఎన్నో ప్రాజెక్టుల కట్టల కింద పాలమూరు చెమట ఉందన్నమాట నిజమే. కాని ఆ వర్ణనల్లో ఒక విషయం తరచుగా జారిపోతుంది. గుంపు మేస్త్రి అడ్వాన్సు ఇచ్చేది ఎక్కువగా ఆలుమగల జోడీకి. డబ్బు లెక్క మగవాడి పేరున ఉంటుంది. ఆమె శ్రమ ఆ లెక్కలో కలిసిపోయి ఉంటుంది, విడిగా కనబడదు. తట్ట మోయడం, పొయ్యి ముట్టించడం, గుడిసె దగ్గర పిల్లను చూసుకోవడం అన్నీ ఒకే అడ్వాన్సులో మునిగిపోతాయి. ఆమె కూలి ఎంత అని అడిగితే జవాబు చెప్పడానికి ఆమె దగ్గర అంకె ఉండదు.

వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం 1979లో వచ్చింది. 1982లో ఏషియాడ్ నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఒక గొప్ప మాట చెప్పింది: కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయే. మరుసటి ఏడు రాజస్థాన్ కరువు పనుల కేసులో, ఆ సూత్రం ప్రభుత్వం చేయించే సహాయ పనులకూ వర్తిస్తుందని చెప్పింది. ఆకలే బలవంతం అన్నది ఆ తీర్పుల సారం. ఆకలితో ఒప్పుకున్నదాన్ని ఒప్పందం అనలేము. ఈ సూత్రాన్ని తిరగేసి చూస్తే బియ్యం, పింఛను దేనికి కావాలో అర్థమవుతుంది. ఆకలిని కొంత తగ్గించిన ప్రతి పథకం ఆ బలవంతాన్నీ కొంత తగ్గిస్తుంది. కూలీకి ‘కాదు’ అనే శక్తి ఇచ్చే పథకం కూలి పెంచుతుంది. యజమాని తక్కువ ఇచ్చినా సరిపెట్టుకోమని చెప్పే పథకం కూలి తగ్గిస్తుంది. ఒక్కో పథకాన్నీ ఈ గీటురాయి మీద గీసి చూడాలి.

ఇంగ్లండులో ఈ పరీక్ష రెండు శతాబ్దాల క్రితం జరిగింది. 1795లో బెర్క్‌షైర్ జిల్లా న్యాయాధికారులు స్పీన్‌హామ్‌లాండ్‌లో సమావేశమై, రొట్టె ధరను బట్టి కూలీ కుటుంబానికి ఎంత కావాలో లెక్కగట్టి, కూలికీ ఆ లెక్కకూ మధ్య తేడాను పేదల పన్నులోంచి ఇవ్వాలని నిర్ణయించారు. దీనివల్ల ఆసాములు కూలి తగ్గించారనీ, కూలీలు సోమరులయ్యారనీ నిందవేసి, 1834లో కొత్త పేదల చట్టం తెచ్చి, సాయం కావాలంటే పని నిర్బంధశాలల్లో చేరమన్నారు. ఆ నిందకు ఆధారాలు బలహీనమని తరువాతి చరిత్రకారులు చాలామంది చూపించారు. కానీ ఆ కథ నుంచి మనం తీసుకోవలసింది ఒకటుంది. అప్పుడు అక్కడ కనీస వేతనం లేదు, కూలీలు సంఘం పెట్టుకునే హక్కు లేదు. కింద నేల లేకుండా సాయం పోస్తే అది ఎటు పారుతుందో ఎవరి చేతిలోనూ ఉండదు.

మనకు కనీస వేతనాల చట్టం 1948లోనే వచ్చింది. అమలు సంగతి చూడండి. 2021 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం నిర్మాణ పనులు సహా అయిదు రంగాల్లో కనీస వేతనాలు పెంచుతూ ఉత్తర్వులు తయారుచేసింది. వాటిని గెజెట్‌లో ప్రచురించకపోవడంతో ఏళ్ల తరబడి అవి అమల్లోకి రాలేదు. పెంచిన పింఛనుకు బహిరంగసభలు జరుగుతాయి, పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనలు వస్తాయి. పెంచిన కూలి మాత్రం అచ్చుకు నోచుకోలేదు. ‘లబ్ధిదారు’ అన్న మాట నాకు మొదటినుంచీ నచ్చదు. ఏడాది పొడుగునా తక్కువ కూలికి పనిచేసి నగరాలు కట్టిన మనిషిని లబ్ధిదారు అంటున్నాం. ఆ తక్కువ కూలి వల్ల లాభపడినవాడికి ఆ పేరు పెట్టడం లేదు.

కూలి పెంచిన పథకం మన అనుభవంలో ఒకటుంది. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదలైనప్పుడు తొలి విడత 200 జిల్లాల్లో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి. దీనికి ముందు మహారాష్ట్ర 1972 నాటి కరువు నుంచి నేర్చుకుని, 1977లో చట్టం చేసుకుంది. అక్కడా ఆ పనులకు పెద్ద సంఖ్యలో వచ్చింది స్త్రీలే. మన ఊళ్లలో దాని కొత్తదనం ఏమిటంటే మగకూలి, ఆడకూలి అన్న రెండు రేట్లు లేని మొదటి పని అది. కలుపు తీస్తే ఇంత, నాగలి పడితే అంత అని తరాలుగా నడిచిన ఊళ్లో ఒకే కొలత, ఒకే రేటు. డబ్బు ఆమె పేరున, మొదట పోస్టాఫీసులో, తరువాత బ్యాంకులో. పదిహేను రోజుల్లో కూలి ఇవ్వకపోతే నష్టపరిహారం. అయిదుగురు పసిపిల్లలుంటే చూసుకోవడానికి ఒక మనిషి. ఇవి చాలాచోట్ల కాగితం మీదే మిగిలాయని మనకు తెలుసు. నీడ లేదు, నీళ్లు లేవు, పిల్లల్ని చూసే మనిషి లేదు. కొలతల్లో మోసం జరిగింది. అయినా ఎండాకాలంలో పని ఉన్న ఊళ్లలో కలుపు కూలి పెరిగింది. ఆసాములు మళ్లీ అదే ఫిర్యాదు చేశారు. కూలీలు దొరకడం లేదు, పంటల కాలంలో ఉపాధి పనులు ఆపండి అన్నారు.

దీన్ని మూసేయడానికి చట్టం రద్దు చేయనవసరం లేకపోయింది. 2009లో ఉపాధి కూలిని కనీస వేతనం నుంచి విడగొట్టి 100 రూపాయలకు బిగించారు. 2025-26లో తెలంగాణలో ఇచ్చిన రేటు 307. ఆ తరువాత యంత్రం వచ్చింది. 2023 జనవరి నుంచి ప్రతి పనిచోటా రోజుకు రెండుసార్లు ఫోటో తీసి ఫోన్‌లో ఎక్కించాలి. సిగ్నల్ లేని తండాలో గుట్ట మీద పనిచేసిన స్త్రీకి ఆ పూట హాజరు లేదు. 2024 జనవరి నుంచి ఆధార్‌తో ముడిపడిన ఖాతాలోకే కూలి. పుట్టింటి పేరు ఒక కాగితంలో, అత్తింటి పేరు మరో కాగితంలో ఉన్నవాళ్లు ఎవరు? మగవాళ్లు కాదు కదా. ఇలా పని చేసినా హాజరు లేక, హాజరున్నా కూలి రాక, కూలి వచ్చేదాకా ఆగే స్తోమత లేక మేస్త్రి దగ్గరికి పోయిన స్త్రీనే, 2025లో, నీ 20 రోజులు చూపించు అని అడిగారు.

వలసవెళ్లిన చోట కూడా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. నిర్మాణ కార్మికుల సంక్షేమానికి 1996లో చట్టం వచ్చింది. కట్టడాల ఖర్చు మీద ఒక శాతం సెస్సు వసూలు చేసి బోర్డులో జమచేస్తారు. ప్రసూతి సాయం, ప్రమాదానికి పరిహారం అందులోంచే. అందులో నమోదు కావాలంటే అంతకుముందు 12 నెలల్లో 90 రోజులు నిర్మాణపని చేసినట్టు ధ్రువీకరణ కావాలి. అడ్డా మీద రోజుకొక యజమాని దగ్గర పనిచేసే ఆడకూలికి 90 రోజుల సంతకం ఎవరు పెడతారు? ఊళ్లో 20, నగరంలో 90. రెండుచోట్లా పనిచేసి, రెండుచోట్లా పనిచేయనిదానిగా లెక్కకొచ్చే స్త్రీ గురించి ఏ సర్వేలోనూ గడి లేదు. 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన లేబర్ కోడ్‌లలో 1979 నాటి వలస చట్టాన్ని కలిపేశారు. పాత చట్టం అయిదుగురు కూలీలున్న చోటే వర్తించేది. కొత్త కోడ్‌కు పదిమంది కావాలి. కాంట్రాక్టరు ద్వారా కాకుండా తానుగా వెళ్లినవాళ్లను కూడా వలస కార్మికులుగా గుర్తించడం అందులోని మేలు. కానీ ఏడెనిమిది మందిని తీసుకుపోయే చిన్న మేస్త్రి ఇక దాని కంటికి ఆనడు.

వలస కుటుంబం ఊరితో బంధం తెంచుకోలేకపోవడానికి ఒక కారణం ఈ పథకాలే. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగిన రోజు గుర్తుందా? ఆ ఒక్కరోజు ఇంట్లో ఉండకపోతే కార్డు, పింఛను పోతాయన్న భయంతో బొంబాయి నుంచి, సూరత్ నుంచి బస్సులు నిండుగా వచ్చాయి. రెండు వారాల కూలి ప్రయాణానికే పోయింది. 2023లో రేషన్ కార్డులో పేరున్న ప్రతివాళ్లూ వేలిముద్ర వేయాలన్నప్పుడూ మళ్లీ అదే పరుగు. 2016లో రాష్ట్రంలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు ఇంటికొచ్చి విచారించకుండానే రద్దయ్యాయి. వాటిని క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో ఆదేశించవలసివచ్చింది. 2021లో కొన్ని కొత్త కార్డులిచ్చి మళ్లీ ఆపేశారు. 2025 జూలైలో సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో పంపిణీ మొదలయ్యేదాకా ఎదురుచూపే. ఈ ఎదురుచూపు అందరికీ ఒకేలా జరగలేదు. పెళ్లయి వచ్చిన కోడలి పేరు పుట్టింటి కార్డులోంచి తీసేశారు, అత్తింటి కార్డులో ఎక్కించలేదు. ఆమెకు పుట్టిన పిల్లల పేర్లూ ఎక్కలేదు. 2013 ఆహార భద్రతా చట్టం ఇంటి పెద్దగా స్త్రీ పేరు రాయమంది. ఆ పెద్దామె కింద కోడలు లేదు. ఇంట్లో ఆరుగురు తింటుంటే నలుగురి బియ్యం వచ్చినప్పుడు ఎవరి పళ్లెం తేలికైందో చెప్పనక్కరలేదు.

ఇక భూమి. 2018 మేలో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు పంటకు 4,000, తరువాత 5,000, ఇప్పుడు 6,000. మొదటినుంచీ పట్టా పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే వాళ్లకే. కౌలు చేసేవాళ్లకు లేదు. పది ఎకరాల ఆసామికి ఏడాదికి 1,20,000 వస్తే, ఆయన పొలంలో పత్తి ఏరే భూమిలేని కుటుంబానికి, అదీ 20 రోజుల రుజువు ఉంటే, 12,000. ఆ 12,000 అంటే 307 లెక్కన 39 రోజుల కూలి. కూలికి కూలీ కుటుంబం ఆసామి దగ్గరికే పోవాలి. నగదు సాయంతో బేరమాడే శక్తి పెరిగింది ఎవరికి? కూలీకి ఒకటి, ఆసామికి పది. రైతుబీమా కూడా పట్టా వెంటే నడుస్తుంది. కౌలుకు పత్తి వేసి అప్పుల్లో చనిపోయినవాడి భార్యకు అప్పు మిగులుతుంది, బీమా రాదు. పొలంలో సగానికి మించిన పని చేసే స్త్రీ పట్టా లేక రైతు కాదు. మస్టరు లేక కూలీ కాదు.

నల్లగొండ వైపు ఇంకో రకం గీత ఉంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి మండలాల్లో తరాల తరబడి ఫ్లోరైడు నీళ్లు తాగిన ఒళ్లు నలభై ఏళ్లకే వంగిపోయాయి. ఇంటింటికీ మంచినీటి పథకానికి 2015లో పైలాన్ వేసింది చౌటుప్పల్‌లోనే. నీళ్లు మారాయి, ఎముకలు మారవు. నడుము వంగి, మోకాళ్లు ముడుచుకుపోయిన స్త్రీ నాట్లకు పోలేదు. వృద్ధాప్య పింఛనుకు 57 ఏళ్లు నిండాలి. వికలాంగుల పింఛనుకు 40 శాతం వైకల్యం అని వైద్యుడు రాయాలి. కీళ్ల నొప్పికి, పట్టేసిన మెడకు శాతం కట్టడం కష్టం. పనికి పోలేని రోజులు లెక్కబెట్టే పట్టిక ఆ శిబిరంలో లేదు. ఇది దయతో ఇచ్చే పింఛను కాదు. తెలిసి తెలిసీ దశాబ్దాలపాటు ఆ నీళ్లు తాగనిచ్చినందుకు ప్రభుత్వం బాకీపడిన నష్టపరిహారం. మనం దరఖాస్తుల్లో అలాగే రాయాలి.

పింఛన్ల మేలును నేను తక్కువ చేయడం లేదు. 2014లో 200 నుంచి 1,000కి, 2019లో 2,016కి పెరిగిన వృద్ధాప్య, వితంతు పింఛన్లు ఈ రెండు పాత జిల్లాల్లో ముసలివాళ్ల బతుకు మార్చాయి. పిల్లలు వలసపోయిన ఊళ్లలో మనవలను సాకేది నానమ్మ పింఛనే. అంటే నిజానికి అది నగరంలో ఇల్లు కట్టే కాంట్రాక్టరుకూ సాయమే. కూలీ పిల్లల్ని పెంచే ఖర్చు అతను కూలిలో ఇవ్వడం లేదు, ముసలామె పింఛనులోంచి పోతోంది. అందుకని పింఛను ఆపమంటామా? పింఛనూ ఉండాలి, కూలీ పెరగాలి. ఒంటరి స్త్రీలకు 2017లో మొదలైన పింఛను కూడా ఇలాంటిదే. మొగుడు వదిలేసిన స్త్రీని ప్రభుత్వం ఒక మనిషిగా గుర్తించిన సందర్భం అది. కానీ తాను ఒంటరినని ఆమె ఊరి ముందు రుజువు చేసుకోవలసి రావడం ఎంత హింసో మన సంఘాల్లోని అక్కలకు తెలుసు.

వీటన్నిటి పక్కన 2023 డిసెంబరు 9న మొదలైన ఉచిత బస్సును పెట్టి చూడండి. పట్టా అడగదు, 20 రోజులు అడగదు, మొగుడున్నాడా అని అడగదు. ఆధార్ చూపిస్తే టిక్కెట్టు. షాద్‌నగర్, ఇబ్రహీంపట్నం, చౌటుప్పల్ వైపు నుంచి రోజూ నగరానికి పనికి పోయే స్త్రీకి ఆదా అయిన బస్సుచార్జీ, యజమాని పెంచని కూలి పెరిగినట్టే. పైగా ఆ డబ్బు నేరుగా ఆమె కొంగులోనే ఉంటుంది. రెండో ఊళ్లో పని చూసుకునే వీలూ కలుగుతుంది. బ్రిటన్‌లో 1945లో కుటుంబ భత్యాల చట్టం వచ్చినప్పుడు డబ్బు తండ్రికివ్వాలని ప్రభుత్వం ముసాయిదా రాస్తే, ఎలినార్ రాత్‌బోన్, స్త్రీల సంఘాలు పోరాడి తల్లికి ఇచ్చేట్టు మార్పించారు. ఎవరి చేతికి అన్నది చిన్న విషయం కాదు. అయితే బస్సు రాని తండాకు ఉచిత బస్సు లేదు. చందంపేట, దేవరకొండ వైపు తండాల స్త్రీలు ఇప్పటికీ ఆటోకు డబ్బిచ్చే రోడ్డెక్కాలి.

చివరగా అన్నిటికంటే తొందరపడవలసిన సంగతి. 2025 డిసెంబరులో పార్లమెంటు 2005 నాటి ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని ఆమోదించింది. వంద రోజులు 125 అయ్యాయి. ప్రచారమంతా ఈ అంకె మీదే. కానీ పాత చట్టంలో కూలి మొత్తం కేంద్రం భరించేది. కొత్తదానిలో ఖర్చులో 40 శాతం రాష్ట్రం పెట్టాలి. ఏ రాష్ట్రానికి ఎంతన్నది కేంద్రం ముందే నిర్ణయిస్తుంది, దాటితే రాష్ట్రమే పెట్టుకోవాలి. అడిగినవాళ్లకు పని అన్న హక్కు, ఉన్నంతలో పని అన్న పథకంగా మారే ప్రమాదం ఇక్కడుంది. దీనికితోడు విత్తనాలు, కోతల రద్దీ కాలంలో ఏడాదికి 60 రోజులు పనులు ఆపే వీలు కల్పించారు. ఆ రోజులేవో రాష్ట్ర ప్రభుత్వం ముందుగా ప్రకటించాలి. ఇరవై ఏళ్లుగా ఆసాములు చేస్తున్న ఫిర్యాదు ఇప్పుడు చట్టంలో ఒక సెక్షన్ అయింది. కూలీకి బేరమాడే అవకాశం ఉండేది సరిగ్గా ఆ 60 రోజుల్లోనే. నాట్లు, పత్తి ఏరుడు, కోతలు అన్నీ స్త్రీల పనులే కాబట్టి ఈ కోత మొదట పడేది ఆడకూలి మీదే.

ఆ 60 రోజులు జిల్లాకొకలా ఉండవచ్చు. నాగార్జునసాగర్ కాలువ కింద వరి పండే మిర్యాలగూడకూ, వాన మీద బతికే మద్దూరుకూ ఒకే తేదీలు రాయనివ్వకూడదు. వలస ఎక్కువున్న మండలాల్లో దసరాకు ముందే పని మొదలుకావాలని, కూలీ పథకాలకు రుజువుగా మస్టరు ఒక్కటే కాక వలస కూలీల సొంత ప్రకటననూ గ్రామసభ తీర్మానాన్నీ అంగీకరించాలని మనం రాసి ఇవ్వాలి. ఆడకూలి, మగకూలి రేట్లు ఊరూరా విడివిడిగా రాసి పెట్టుకోవాలి; ఈ రేట్ల పట్టిక చేతిలో లేకుండా ఆ 60 రోజుల్లో ఏం జరిగిందో తరువాత చూపించలేము. జాబ్ కార్డుల్లోంచి ఎవరి పేర్లు ఎప్పుడు తీసేశారో, రేషన్ కార్డులో ఎక్కని కోడళ్లెందరో కూడా ఆ పుస్తకంలోనే రాయండి. ఈ వివరాలు సేకరించేది ఇప్పుడే, గుంపులు కదలకముందే. కార్తీకం వచ్చాక వెళితే చెప్పవలసినవాళ్లు ఊళ్లో ఉండరు. ముందుగా కోస్గి, మద్దూరు, దేవరకొండ, చందంపేట, మర్రిగూడ మండలాలతో మొదలుపెట్టి, మీరు రాసినవి వచ్చే సంచికకు పంపండి.